పిల్లగాండ్లను "నీకెవరు చెప్పిర్రు" అని అడగమనుర్రి: డిగ్రీ కాలేజీల సార్లకు, మేడమ్‌లకు బహిరంగ లేఖ

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, గద్వాల దిక్కు డిగ్రీ కాలేజీలల్ల కామర్స్ చెప్పే సార్లకు, మేడమ్‌లకు, సిలబస్ తయారు చేసే పెద్దలకు నమస్కారం.

నేను చండూరు దిక్కు ఒక ఊర్ల ఉంట. మాది నేత ఇల్లు. రెండు మగ్గాలున్నయి, ఒకటి మా ఆయన, ఒకటి మా మామ నేస్తరు, అత్తమ్మ నేను చిటికి కడుతం, అంటే ఇక్కత్ డిజైను కోసం నూలుకు రంగు అంటొద్దన్న కాడ రబ్బరు చుట్టుడు, అమ్ముడు మాత్రం మొత్తం నా ఫోన్ మీదనే. చదివింది ఇంటర్ దాక, గందుకే రాసుట్ల తప్పులుంటే ఏమనుకోకుర్రి. ఆరేండ్ల సంది ఫోన్ల చీరెలు అమ్ముతున్న కాబట్టి ఈ సోషల్ మీడియా సంగతి నాకు జర తెలుసు, మోసపోయి గూడ తెలుసుకున్న.

విషయం ఏందంటే మా అక్క కొడుకు నల్లగొండల బీకాం ఫైనల్ ఇయర్. కాలేజీ పేరు చెప్ప, వాని దోస్తులు వేరే కాలేజీలోళ్ళు గూడ మా దగ్గర ఇదే కథ అన్నరు. ప్రాజెక్టు టాపిక్ సోషల్ మీడియా మార్కెటింగ్ ప్రభావం, ఒక అధ్యయనం. మొన్న సెలవులకు మా ఇంటికి వచ్చి యాభై ఫారాలు ముందటేసుకుని కూసున్నడు. ఒక్కో ఫారంల పదిహేను ప్రశ్నలు, సోషల్ మీడియా మార్కెటింగ్ ఎఫెక్టివ్ అని మీరు భావిస్తున్నారా, స్ట్రాంగ్లీ అగ్రీ, అగ్రీ, న్యూట్రల్, ఇగ అట్ల. రాత్రి పదింటి దాక టిక్కులు వెడుతనే ఉన్నడు, చిన్నమ్మా నువ్వు ఒక ఎనిమిది నింపు అని నాకిచ్చిండు, నేను గూడ నింపిన అబద్ధం ఎందుకు. మా అత్తమ్మ ఫోన్ల భజనలు తప్ప ఇంకేం చూడది, ఆమె రెస్పాండెంట్ నంబర్ 23, అంటే జవాబిచ్చిన 23వ మనిషి, స్ట్రాంగ్లీ అగ్రీ. తెల్లారి పై చార్ట్, అంటే గుండ్రటి లెక్కల బొమ్మ, గీసిండు, ఎఫెక్టివ్ అన్నోళ్ళు 72 శాతం అని వచ్చింది. ఎట్ల వచ్చిందిరా అంటే "72 అంటే చార్ట్ మంచిగ కనవడ్తది చిన్నమ్మా" అన్నడు.

నవ్వొచ్చింది. తర్వాత బాధయింది, ఎందుకంటే ఆ ఫారంల అడగాల్సిన ఒక్క ప్రశ్న లేదు. అదే నేను మీకు చెప్పాలనుకున్నది.

నా దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. పోయిన దసరా నుంచి ఈ దసరా దాక ఫోన్ మీద అమ్మిన చీరెలు 83. కొన్న ప్రతి ఒక్కలను ఒకటే అడిగిన, అక్కా నా గురించి నీకెవరు చెప్పిర్రు అని. 71 మంది చెప్పిర్రు, మిగిలినోళ్ళను అడుగుడు మర్శిన. ఆ 71ల 38 చీరెలు ముగ్గురు ఆడోళ్ళ నోటి మాట మీదనే పోయినయి. మిర్యాలగూడల బ్యూటీ పార్లర్ నడిపే ఆమె ఒకరు, నల్లగొండ రామగిరిల బ్లౌజులు కుట్టే ఆమె ఒకరు, దేవరకొండ కాడ అంగన్‌వాడీ టీచర్ ఒకరు. 19 నా వాట్సాప్ స్టేటస్ చూసి. 5 మందికి యాది లేదు. ఇగ నేను పొద్దంత కష్టపడి తీసిన రీల్, మగ్గం సప్పుడు మీద మ్యూజిక్ పెట్టి, 41 వేల మంది చూసిర్రు, ఊరంత చెప్పుకున్నం, దాని మీద వచ్చిన చీరెలు తొమ్మిది. కామెంట్లు మాత్రం మస్తు, అందరు "పీపీ" అని రాసి పోతరు, పీపీ అంటే ప్రైస్ ప్లీజ్ అని నాకు ఆర్నెల్లకు తెలిసింది, రేటు చెప్తే మల్ల ఆ మనిషి కనపడదు.

మా చుట్టాల గ్రూపుల 200 మంది పైన ఉంటరు. రోజు ఫోటో పెడ్తే రోజు దండాలు పెడ్తరు, ఒక్క చీరె కొనరు. ఎందుకు కొంటరు, వాళ్ళ ఇండ్లల్ల గూడ మగ్గాలే, చెరువు కాడ కూసొని నీళ్ళమ్మినట్టే అది. మరి ఆ పార్లర్ ఆమె నాకు చుట్టం కాదు, దోస్తు గూడ కాదు, ఒక పెండ్లిల కల్సింది గంతే, ఏడాదికి రెండు సార్లు మాట్లాడుతం. ఆమె దగ్గరికి వచ్చేటోళ్ళెవరు నాకు తెల్వదు, నాకు తెల్సినోళ్ళు ఆమెకు తెల్వదు. గందుకే ఆమె మాట నాకు పనికొచ్చింది.

ఇది నేనేదో కొత్తగ కనిపెట్టిన అనుకున్న. మా పిల్లగాని ప్రాజెక్టుల లిటరేచర్ రివ్యూ అని, ముందటోళ్ళు చేసిన పరిశోధనల మీద, పది పేజీలు అతికించి ఉన్నయి, వాడు చదవలే, ఇంగ్లీషుల ఉన్నయి. చిటికి కట్టేటప్పుడు చేతులకే పని, చెవులు ఖాళీనే ఉంటయి, సైకిల్ ట్యూబ్ రబ్బరు ముక్కలు చుట్టుకుంట కూసుంటం గద, నువ్వు ఒక్కో పేజీ చదివి తెలుగుల చెప్పు బిడ్డా అన్న. రెండు దినాలు చెప్పిండు. సార్, అసలు సరుకంత ఆ పది పేజీలల్లనే ఉంది, దాన్ని మీరు అట్ట లెక్క పెట్టి వదిలేసిర్రు.

అందుల మార్క్ గ్రానోవెటర్ అని అమెరికా ఆయన, 1973ల రాసిండు. బోస్టన్ పక్కన న్యూటన్ అనే ఊర్ల, తెల్సినోళ్ళ ద్వారా నౌకరి దొరికినోళ్ళను పట్టుకుని, నీకు నౌకరి సంగతి చెప్పిన మనిషిని నువ్వు ఎన్ని రోజులకోసారి కలుస్తవ్ అని అడిగిండు. తరచు కలుస్తం అన్నోళ్ళు నూటికి 17 మంది గూడ లేరు. అప్పుడప్పుడు అన్నోళ్ళు సగం మీద, ఎప్పుడో గాని కలువం అన్నోళ్ళు పావు మీద. దగ్గరోళ్ళకు తెల్సింది మనకు ముందే తెల్సి ఉంటది, కొత్త సంగతి దూరపు పరిచయం నుంచే వస్తది. మా చుట్టాల గ్రూపు, మిర్యాలగూడ పార్లర్ లెక్కనే ఉంది గద. ఆయన అడిగింది గూడ నా ప్రశ్ననే, నీకెవరు చెప్పిర్రు అని. స్ట్రాంగ్లీ అగ్రీ అని అడగలే.

ఇంకోటి మన పక్కదే. నారాయణపేట దాటితే కర్ణాటకనే, ఆ రాష్ట్రంల 213 ఊర్లల్ల అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్ళ టీమ్ ఒక పని చేసింది, 2019ల ఎకనామిక్స్ నోబెల్ వచ్చిన ముగ్గురిల ఆ ఇద్దరున్నరు. ఒక కబురు ఊరంత పాకాలంటే ఎవరికి చెప్పాలి అన్నది లెక్క. కొన్ని ఊర్లల్ల ఎవరో ఒకరికి చెప్పిర్రు, కొన్నిట్ల ఊరి పెద్దమనుషులకు చెప్పిర్రు, ఇంకొన్నిట్ల, మీ ఊర్ల ఏదన్న ముచ్చట చెప్తే ఎక్కువ మందికి చేరేసేది ఎవరు అని ఊరోళ్ళనే అడిగి, వాళ్ళు పేరు చెప్పిన మనిషికి చెప్పిర్రు. ఊరోళ్ళు చూపెట్టిన మనిషికి చెప్పినకాడనే కబురు బాగ పాకింది, పెద్దమనుషులకు చెప్పినకాడ గాదు. మా అత్తమ్మ ఇది ఇని "దీనికి అంత పెద్ద సదువెందుకే, మన బోరింగు కాడ అడుగుతే చెప్పకపోదురా" అన్నది. నిజమే గాని అత్తమ్మా, వాళ్ళు లెక్క రాసిర్రు, మనం రాయలే.

ఇప్పుడు రెండో దిక్కు చెప్త, ఎందుకంటే చీరె పోయిన దారిలనే అబద్ధం గూడ పోతది.

2018 ఎండాకాలం మీకందరికి యాదుండాలె. పిల్లలను ఎత్తుకపోయేటోళ్ళు తిరుగుతున్నరని వాట్సాప్‌ల వీడియోలు, వాయిస్‌లు. మా ఊర్ల నెల రోజులు పిల్లలను వాకిట్ల ఆడనియ్యలే. ఆ మే నెలల మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలనే, బీబీనగర్ దిక్కు, ఆ అనుమానం మీద ఒక మనిషిని కొట్టి సంపిర్రు. ఆ వాయిస్ మాకెవరు పంపిర్రు? బయటోళ్ళు కాదు, మా వదిన పంపింది. వదినకు వాళ్ళ తమ్ముడు పంపిండు. నమ్మినోళ్ళు పంపిర్రు కాబట్టే నమ్మినం, చీరె గూడ అట్లనే గద నమ్మి కొంటరు.

అదే టైంల గద్వాల జిల్లాకు రెమా రాజేశ్వరి మేడం ఎస్పీగ ఉండె, వనపర్తి గూడ చూసేది. ఊర్లల్లకు పోయే కానిస్టేబుల్ ఒక సంగతి పసిగట్టిండు, ఎండాకాలం గూడ జనం ఆరుబయట పండుకుంటలేరు, తొందరగ తలుపులు ఏసుకుంటున్నరు అని. ఎందుకని అడిగితే ఫోన్ల వీడియోలు చూపెట్టిర్రు. మేడం ఏం చేసిందంటే ఊరికో పోలీసును పెట్టి, ఇల్లిల్లు తిరిగిపిచ్చి, డప్పు కొట్టిపిచ్చి, పాటలు పాడిపిచ్చి, ఫార్వర్డ్ వస్తే ముందు మాకు చెప్పుర్రి అని చెప్పిచ్చింది, ఊరి గ్రూపులల్ల పోలీసోళ్ళు గూడ చేరిర్రు. అక్కడ ఆ పుకార్లకు ఎవ్వరి పానం పోలే. పుకారు ఏ దారిల వచ్చిందో ఆ దారిలనే నిజాన్ని పంపింది ఆమె. ఇంతకంటే మంచి మార్కెటింగ్ పాఠం మీ పుస్తకంల ఉందా చెప్పుర్రి, మన జిల్లాల పక్కనే జరిగింది, పిల్లలను బస్సెక్కిస్తే పోయి అడిగి వస్తరు.

ఆ జులైలనే వాట్సాప్ మన దేశంల ఒక్కసారి అయిదుగురికే ఫార్వర్డ్ అని కట్టడి పెట్టింది. అదే ఏడు అమెరికాల ఎంఐటీ యూనివర్సిటీ వాళ్ళు ట్విట్టర్ మీద లెక్క తీసిర్రు, 2006 నుంచి 2017 దాక లక్షా 26 వేల వార్తలు, అబద్ధం వార్త నిజం వార్త కంటే 70 శాతం ఎక్కువ రీట్వీట్ అయ్యే అవకాశం ఉందని తేలింది. మిషన్లు గాదు, ఎక్కువ పంపింది మనుషులే అని గూడ తేల్చిర్రు. ఇది గూడ ఆ పది పేజీలల్లనే ఉంది సార్.

నా సంగతికి వస్త. పోయిన శ్రావణం ముందు దేవరకొండ నుంచి ఒక టీచరమ్మ ఫోన్ చేసింది. చెల్లె, పైసలేసి వారమాయె, చీరె ఎప్పుడు పంపుతవ్ అని. ఏ చీరె అక్కా అన్న. స్క్రీన్‌షాట్ పంపింది. ఎవడో దొంగ అకౌంట్ పెట్టిండు, నా పేరే, నా ఫోటోలే, పేరు చివర ఒక చిన్న గీత ఎక్కువుంది గంతే. సగం రేటు అని పెట్టి అడ్వాన్సు 2,500 ఏపిచ్చుకున్నడు వాడు. ఫోటోల మా అత్తమ్మ చెయ్యి ఉంది, కొంగు పట్టుకున్న చెయ్యి, బొటనవేలు గోరుకు నీలి రంగు పట్టి ఉంది, అది ఎన్నడు పోదు. ఆ దొంగోడు దాన్ని కట్ గూడ చేయలే. ఎందుకు చేస్తడు, ఆ గోరు చూసే గద ఆ టీచరమ్మ నమ్మింది, ఇది నిజం నేతోళ్ళ చెయ్యి అని.

అట్ల నాకు తెల్సి పోగొట్టుకున్నోళ్ళు నలుగురు. ఆ యాప్‌ల రిపోర్ట్ కొట్టిన, మా ఊరోళ్ళందరి తోని కొట్టిపిచ్చిన, అది పోవడానికి 19 దినాలు పట్టింది. సైబర్ మోసాల హెల్ప్ లైన్ 1930కి ఫోన్ చేయమన్న, చేసిర్రు, గాని వారం దాటినంక చేస్తే ఆ అకౌంట్ల ఇంకేముంటది. పైసలు పోయిన గంట రెండు గంటలల్ల చేస్తే బ్యాంకుల ఆపొచ్చట, ఆ ముచ్చట మాకెవ్వరికి తెల్వదు. ఆ టీచరమ్మకు నేను సగం రేటుకు ఒక చీరె ఇచ్చిన, మిగిలిన ముగ్గురికి ఇచ్చే తాకత్ నాకు లేకుండె. ఒకామె ఇప్పటికి నేనే దొంగ అనుకుంటది.

ఇంకో రకం మోసం ఉంది, అది కేసు గూడ కాదు. మిల్లుల ప్రింట్ కొట్టిన గుడ్డ తీస్కచ్చి పోచంపల్లి ఇక్కత్ అని అమ్ముతరు. పోచంపల్లికి జీఐ, అంటే ఈ సరుకు ఈ తావుదే అని చెప్పే సర్కారు గుర్తింపు, వచ్చి ఇరవై ఏండ్లాయె, పుట్టపాక తేలియా రుమాలుకు 2020ల వచ్చింది, ఫోన్ తెర మీద జీఐ కనపడుతదా. గుడ్డ మల్లేసి చూస్తే తెలుస్తది, అసలుదైతే రెండు దిక్కుల ఒకటే రంగు, డిజైను అంచులు జర పాకినట్టుంటయి, ప్రింటుదైతే లోపల దిక్కు తెల్లబడి ఉంటది. ఇది చేతిల పట్టుకుంటేనే తెలుస్తది, వీడియోల గీత గీసినట్టు నీటుగ ఉన్న ప్రింటే అందంగ కనవడ్తది. మార్కెటింగ్ పేపర్ల ప్రాడక్ట్ ఫోటో మంచిగుండాలె అని రాసిర్రట. మా సరుకు అసలుదన్న రుజువు ఆ పాకిన అంచే సార్.

పైసల యాడ్స్ గురించి గూడ ఒక మాట. రోజుకు వంద లెక్క బూస్ట్ పెట్టిన నేను, హైదరాబాద్, ఆడోళ్ళు, ముప్పై నుంచి యాభై ఏండ్లు అని పెడ్తే వాళ్ళకే పోతది. మొదట సంబురమయింది. మల్ల అనిపిచ్చింది, వాళ్ళకు ముప్పై ఏండ్లని ఈ యాప్ వాళ్ళకెట్ల తెల్సు? మా పిల్లగాడు కేంబ్రిడ్జ్ ఎనలిటికా సంగతి చదివిండు, ఫేస్‌బుక్ మీద ఒక క్విజ్ యాప్ ద్వారా జనం సంగతులు తీసుకుని ఎలక్షన్ల ప్రచారానికి వాడిన కంపెనీ అది. 2018ల బయటపడ్డది. మన దేశంల ఆ క్విజ్ యాప్ ఎక్కిచ్చుకున్నది 335 మంది, దోస్తుల లిస్టు పట్టుకుని పోతే లెక్క తేలింది 5 లక్షల 62 వేల మందిది. ఫేస్‌బుక్కే చెప్పిన లెక్క అది. నేను ఒప్పుకోకున్న నా దోస్తు ఒప్పుకుంటే నా సంగతి పోయింది. నెట్‌వర్క్ అంటే గదే గద. నా నోట్‌బుక్కుల గూడ 71 మంది పేర్లు, ఫోన్ నంబర్లు, కొందరి ఇంట్ల పెండ్లి ఎప్పుడో గూడ రాసి ఉంది, అవును గద అని ఆ రోజు దాన్ని తీసి బీరువల పెట్టిన. అంతకుముందు మగ్గం గుంట పక్కన పడేసేదాన్ని.

మీ పిల్లలల్ల గూడ పదివేలు ఇరవై వేలు ఫాలోవర్స్ ఉన్నోళ్ళుంటరు, మీకు తెల్వకపోవచ్చు. మా పిల్లగాని దోస్తు ఒకడు కామెడీ వీడియోలు చేస్తడు, వానికి ఒక బెట్టింగ్ యాప్ వాళ్ళు స్టోరీకి మూడు వేలు ఇస్తమన్నరట. తెలంగాణల ఆన్‌లైన్ పేకాట, బెట్టింగు 2017లనే బంద్ చేసిర్రు. 2025 మార్చిల హైదరాబాదుల అట్ల ప్రమోట్ చేసినోళ్ళ మీద కేసులయినయి, ఆగస్టుల కేంద్రం చట్టం తెచ్చి పైసలు పెట్టే ఆటలు, వాటి యాడ్స్ రెండు ఆపేసింది. పైసలు తీసుకుని చెప్తే యాడ్ అని రాయాలె అన్న రూలు గూడ 2023 జనవరిల కేంద్రం స్పష్టంగ చెప్పింది, తప్పుడు యాడ్ చేస్తే మొదటిసారి పది లక్షల దాక జుర్మానా. ఆ పిల్లగానికి ఇవేం తెల్వదు, డిజిటల్ మార్కెటింగ్ పేపర్ల మాత్రం వానికి 78 మార్కులు.

మీ కాలేజీలల్ల ఏం జరుగుతదంటే, ఒక రోజు పోలీసోళ్ళు వచ్చి సోషల్ మీడియా డేంజర్ అని చెప్పి పోతరు, మంచిదే, ఇంకో రోజు క్లాసుల సోషల్ మీడియా అంటే అవకాశాల గని అని చెప్తరు. పిల్లగాడు రెండు నోట్సులు వేరే వేరే రాసుకుంటడు. పార్లర్ ఆమె మాట, మా వదిన వాయిస్, దొంగోడు వాడుకున్న అత్తమ్మ గోరు, మూడు ఒక్క తీగ మీదనే నడిచినయని వానికి ఎవ్వరు చెప్పరు.

నేను అడిగేది పెద్ద ఖర్చుది గాదు. కంప్యూటర్ ల్యాబ్ గూడ అక్కర్లే. మొరేనో అని ఒకాయన 1932ల న్యూయార్క్ దిక్కు హడ్సన్ అనే ఊర్ల ఆడపిల్లల స్కూల్ల, రెండు వారాలల్ల 14 మంది పారిపోతే, ఎవరితోని ఎవరు ఉండాలనుకుంటున్నరో పిల్లలనే అడిగి, కాయితం మీద చుక్కలు పెట్టి గీతలు గీసిండట. పారిపోవుడు ఒకరి నుంచి ఒకరికి ఎట్ల పాకిందో ఆ గీతలల్ల కనపడ్డది. అప్పటికి సెల్ ఫోనే లేదు పాడే లేదు. మీ పిల్లలు హాస్టల్లనే గియ్యొచ్చు అది. నల్లగొండ బత్తాయి మార్కెట్‌కు పోయి రేటు సంగతి రైతుకు ముందు ఎవరు చెప్తున్నరో, ఏ గ్రూపుల వస్తుందో అడగొచ్చు. పాలమూరు దిక్కైతే బొంబాయి, పుణె పనులకు పోయినోళ్ళకు మేస్త్రీ ఎట్ల దొరికిండో అడగొచ్చు. పదిహేను ప్రశ్నలొద్దు, ఒక్కటి చాలు, యాభై మందొద్దు, ఇరవై మందిని నిజంగ అడిగితే చాలు. అడిగేటప్పుడు మీ పేర్లు బయటికి రానియ్యం అని వాళ్ళకు చెప్పుడు గూడ నేర్పుర్రి, అది గూడ సదువే.

ఇగ ఎవరన్న సార్లు పిల్లలను తోలుకొని వస్తా అంటే మా ఇంటికి రావొచ్చు, చాయ్ పోస్త, నోట్‌బుక్కుల నంబర్ల మీద కాయితం అంటించి చూపిస్త. దసరా ముందు మాత్రం రాకుర్రి, పని ఉంటది.

మా పిల్లగాని వైవా వచ్చే వారం. బైండింగ్ అయిపోయింది, దుకాణపాయన 120 రూపాయలు తీసుకున్నడు, ఆ పై చార్ట్ ఇగ పీకనీకె రాదు. గాని వెనక అట్టల నాలుగు జిరాక్స్ కాయితాలు మడిచి పెట్టిండు, నా నోట్‌బుక్కుయి, పేర్లు కొట్టేసి. ఆ రోజు వైవాకు వచ్చే సారు మీరే అయితే జర అవి తీసి సూడుర్రి. మల్ల రెస్పాండెంట్ నంబర్ 23 ఎవరో వాన్ని అడుగుర్రి, ఏం చెప్తడో నేను గూడ ఇనాలె.